కొల్లేటి నీటి కలక: టర్బిడిటీ ఒకటే అయినా మట్టి లెక్క రెండు రకాలుగా ఎందుకు వస్తుంది?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైనది ఇది. కొల్లేరు మీద పీజీ ప్రాజెక్టు చేస్తూ సెప్టెంబరులో బుడమేరు సరస్సులో కలిసే చోట, జనవరిలో సరస్సు నడిమధ్య నీటి నమూనాలు తీశారు. రెండుసార్లూ టర్బిడిటీ మీటరు 60 ఎన్‌టీయూ (కలకను కొలిచే ప్రమాణం) దగ్గరే నిలిచింది, నీటిలోకి దింపి చూసే సెక్కీ పళ్ళెం 30 సెంటీమీటర్ల దగ్గరే మాయమైంది. ల్యాబులో వడపోసి తూచినప్పుడు మాత్రం మొదటి నీటిలో లీటరుకు 140 మిల్లీగ్రాములు, రెండో నీటిలో 45 మిల్లీగ్రాముల ఘనపదార్థం వచ్చింది. తప్పు పరికరానిదా, ల్యాబుదా, ఎన్‌టీయూను ఏ సంఖ్యతో గుణిస్తే మిల్లీగ్రాములు వస్తాయి, ఇంత శ్రమ లేకుండా ఉపగ్రహ చిత్రాలతో పని జరగదా అన్నవి మీ ప్రశ్నలు. ఇరవై ఏళ్ళకు పైగా డెల్టా కాల్వల్లో, సరస్సుల్లో నీళ్ళు ముంచి తూచినవాడిగా మొదటి ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పగలను. మీ కొలతలు మూడూ ఒప్పే కావచ్చు. మిగతా రెండింటికి కొంత వివరం కావాలి.

సెక్కీ పళ్ళెం కొలిచేది మనిషి కంటికి నీటిలో ఎంత లోతు వరకు వస్తువు కనిపిస్తుందన్నది. టర్బిడిటీ మీటరు కొలిచేది చిన్న గాజు సీసాలోని నీటి మీద వెలుగు పడితే పక్కకు, సాధారణంగా 90 డిగ్రీల కోణంలో, ఎంత చెదురుతుందన్నది. వడపోత కొలిచేది బరువు. ఈ మూడింటిలో మట్టిని నేరుగా తాకేది వడపోత ఒక్కటే. మిగతా రెండూ వెలుగుకు సంబంధించినవి, వెలుగుకు కావలసింది రేణువు బరువు కాదు, అది అడ్డుపెట్టే వైశాల్యం. ఒక గ్రాము మట్టిని 20 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రేణువులుగా కాక 2 మైక్రాన్ల రేణువులుగా పొడి చేస్తే బరువు అంతే ఉంటుంది గాని వెలుగుకు అడ్డుపడే వైశాల్యం పది రెట్లవుతుంది. వరద రోజుల్లో బుడమేరు తెచ్చేది ముతక ఒండ్రు కలిసిన నీరు కనుక అక్కడ ఒక్కో ఎన్‌టీయూకు ఎక్కువ బరువు తూగింది. జనవరి నాటికి ఆ ముతకంతా అడుగుకు చేరి, సరస్సు నడుమ మిగిలింది సన్నని బంకమట్టి, దానితోపాటు పచ్చని సూక్ష్మ శైవలాలు. అక్కడ కొద్ది బరువుతోనే అంత కలక కనిపించింది. మీ లెక్కలో నిష్పత్తి ఒకచోట 2.3, మరోచోట 0.75. ఈ తేడాయే మీ ప్రాజెక్టులో అసలు విషయం, దాన్ని దోషంగా కొట్టివేయకండి.

రేణువు పరిమాణం ఎంత తేడా తెస్తుందో లెక్క వేసి చూస్తే ఇంకా స్పష్టమవుతుంది. స్టోక్స్ సూత్రం ప్రకారం నిలకడ నీటిలో 20 మైక్రాన్ల రేణువు ఒక మీటరు దిగడానికి ముప్పావు గంట చాలు. 2 మైక్రాన్ల రేణువుకు అదే దూరం దిగడానికి దాదాపు 3 రోజులు పడుతుంది. అందులోనూ ఈ సన్న రేణువుల మీద ఒకే రకం విద్యుదావేశం ఉండటం వల్ల అవి ఒకదాన్నొకటి తోసుకుంటూ తమంతట తాము సులువుగా కలిసి ముద్ద కావు. పూర్వం మన ఇళ్ళలో కాలువ నీళ్ళ బిందెలో చిల్లగింజ అరగదీసి కలిపేవారు, తరువాత పటిక వచ్చింది. రెండూ చేసే పని రేణువుల్ని కూడగట్టి ముద్దలు చేసి తొందరగా దించడమే. ఉప్పునీరు కూడా అదే పని చేస్తుంది. కనుక సరస్సు నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు వైపు సముద్రపు నీరు ఎగదట్టే రోజుల్లో ఉన్నట్టుండి నీరు తేరుకుంటే, మట్టి రావడం తగ్గిందని వెంటనే నిర్ణయించుకోకుండా, ఉప్పును పట్టిచ్చే విద్యుత్ వాహకత కూడా కొలిచి చూడండి.

ఇప్పుడు సెక్కీ పళ్ళెం గురించి. 1865లో ఇటలీ ఖగోళ శాస్త్రజ్ఞుడు ఆంజెలో సెక్కీ పోపు గారి ఓడ మీద మధ్యధరా సముద్రంలో తెల్లని పళ్ళేలు దింపి చూసిన నాటి నుంచి ఈ పద్ధతి పెద్దగా మారలేదు. సరస్సులకు ఇప్పుడు వాడేది 20 సెంటీమీటర్ల వ్యాసంతో నలుపు, తెలుపు భాగాలున్న పళ్ళెం. అమెరికాలోని తాహో సరస్సులో 1968 నుంచి ఇదే పద్ధతిలో పళ్ళెం దింపి చూస్తున్నారు, ఆ ఏడాది సగటు దాదాపు 31 మీటర్లు. అంత లోతైన, తేటైన నీటిలో ఒక అడుగు అటూ ఇటూ అయినా కొలత చెడదు. మీ 30 సెంటీమీటర్ల నీటిలో 3 సెంటీమీటర్ల పొరపాటు అంటే 10 శాతం. కాబట్టి తాడు బదులు సెంటీమీటర్లు గీసిన సన్న కర్రకు పళ్ళేన్ని బిగించుకోండి. నూలు తాడు తడిస్తే బిగుసుకుంటుంది, నైలాన్ తాడు సాగుతుంది, నీటి ప్రవాహంలో రెండూ ఏటవాలుగా పోతాయి. ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 2 లోపు, పడవ నీడ పడే వైపు, నల్లకళ్ళద్దాలు తీసి, మాయమైన లోతు ఒకటి, పైకి లాగుతుంటే మళ్ళీ కనిపించిన లోతు ఒకటి చూసి సగటు రాయండి. ఏడాది పొడుగునా ఒకే మనిషి చూడటం మంచిది.

కొల్లేటిలో సెక్కీకి వచ్చే అసలు చిక్కు వేరే ఉంది. సరస్సు చాలా చోట్ల ఒక మీటరుకు అటూ ఇటూగా మాత్రమే లోతుంటుంది. చలికాలంలో నీరు తేరుకున్నాక పళ్ళెం మాయం కాకముందే అడుగుకు తగులుతుంది, లేదా నాచులో చిక్కుకుంటుంది. అలాంటప్పుడు ఆ లోతునే పారదర్శకతగా రాస్తే మీ పట్టికలో తేటైన రోజులన్నీ మురికి రోజులుగా నమోదవుతాయి. ‘90 కంటే ఎక్కువ, అడుగు తగిలింది’ అని రాసి, సగటు తీసేటప్పుడు దాన్ని విడిగా చూడండి. వీలైతే అడుగున నలుపు తెలుపు బిళ్ళ ఉన్న పొడవాటి పారదర్శక గొట్టం ఒకటి సంపాదించుకోండి. అందులో నీరు నింపి, బిళ్ళ కనిపించేదాకా కింది కుళాయి నుంచి కొంచెం కొంచెంగా వదిలి, మిగిలిన నీటి ఎత్తు చదవడమే పని. సరస్సు లోతుతో దానికి నిమిత్తం లేదు.

సెక్కీ అంకె చేతికి రాగానే చాలామంది విద్యార్థులు కార్ల్సన్ 1977లో ఇచ్చిన సూత్రంలో వేసి సరస్సు పోషక స్థాయి చెప్పేస్తారు. మీ 0.3 మీటర్లను ఆ సూత్రంలో వేస్తే 77 వస్తుంది, అంటే శైవలాలతో నిండి పాడైపోయిన నీరని అర్థం. ఆ సూత్రం కలకకు కారణం ప్రధానంగా శైవలాలే అయిన సరస్సుల కోసం పుట్టింది. బుడమేరు వరద మట్టికి దాన్ని అన్వయించడం సరికాదు. శైవలాల్లోని పచ్చరంగు పదార్థమైన క్లోరోఫిల్‌ను విడిగా కొలవకుండా ఆ మాట రాయవద్దని గట్టిగా చెబుతాను. పరీక్షకులు అడిగేది కూడా సరిగ్గా అక్కడే.

టర్బిడిటీ మీటర్లలో రెండు జాతులున్నాయి. ఒకటి టంగ్‌స్టన్ దీపపు తెల్లని వెలుగుతో పనిచేసేది, అమెరికా పద్ధతి. రెండోది 860 నానోమీటర్ల దగ్గరి పరారుణ కాంతితో పనిచేసేది, ఐఎస్ఓ 7027 పద్ధతి. కుళ్ళిన గుర్రపుడెక్క, కిక్కిస నుంచి దిగిన తేనీటి రంగు నీటిలో మొదటి జాతి మీటరు తక్కువ చూపుతుంది, ఎందుకంటే ఆ రంగు వెలుగును మింగేస్తుంది. పరారుణ కాంతికి ఆ బెడద దాదాపు ఉండదు. రెండు మీటర్లనూ ఫార్మజిన్ అనే ఒకే ప్రామాణిక కలక ద్రావణంతో సరిచేసినా సరస్సు నీటిలో అవి ఏకీభవించవు. అందుకే ప్రాజెక్టు మధ్యలో మీటరు మార్చవద్దు, మార్చక తప్పకపోతే కనీసం నెల రోజులు రెండింటితోనూ కొలవండి. సీసా మీద వేలిముద్ర, గీత, చల్లని నీటి వల్ల పట్టిన చెమ్మ, లోపలి గాలిబుడగ, ఇవన్నీ అంకెను పెంచుతాయి. వరద నీటిలో అంకె వందల్లోకి వెళ్తే నీటిని పలచన చేసి మళ్ళీ చదవండి. మరీ చిక్కని నీటిలో చెదిరిన వెలుగు గ్రాహకం దాకా చేరకముందే మళ్ళీ మళ్ళీ చెదిరి, కొన్ని మీటర్లు ఉన్నదానికంటే తక్కువ చూపుతాయి. ఫార్మజిన్‌ను సొంతంగా తయారు చేసుకోవాలని చూడకండి. అందులో వాడే హైడ్రజీన్ సల్ఫేట్ విషపదార్థం, సిద్ధంగా దొరికే ద్రావణమే కొనండి.

వడపోతలో నేను చూసిన పొరపాట్లలో సగం తూకానికి ముందే జరుగుతాయి. సీసా బల్ల మీద పది నిమిషాలు నిలిస్తే ముతక రేణువులు అడుగున పేరుకుంటాయి. విద్యార్థి పైనుంచి పిపెట్‌తో 100 మిల్లీలీటర్లు తీస్తాడు, ఆ మట్టి సీసాలోనే మిగిలిపోతుంది. వరద నమూనాలకు నా పద్ధతి ఏమిటంటే, సీసాలోని నీటినంతా వడపోసి, సీసాను స్వేదనజలంతో కడిగిన నీరు కూడా అదే గరాటులో పోయడం. అమెరికాలో నదుల మట్టిని లెక్కించేవారు మొత్తం సీసాను తూచే పద్ధతినీ, మురుగునీటి ల్యాబులు అందులో కొంత భాగం తీసి తూచే పద్ధతినీ వేర్వేరు పేర్లతో పిలిచేది ఈ కారణం చేతనే. ఇసుక కలిసిన నీటిలో రెండో పద్ధతి తక్కువ చూపుతుంది.

గ్లాస్ ఫైబర్ ఫిల్టరును ముందుగా స్వేదనజలంతో కడిగి, 103 నుంచి 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, డెసికేటర్‌లో (తేమ చేరని మూతపాత్రలో) చల్లార్చి తూచాలి. వడపోసిన తరువాత మళ్ళీ ఆరబెట్టి, చల్లార్చి, బరువు నిలకడగా వచ్చేదాకా తూచాలి. ఉదాహరణకు ఖాళీ ఫిల్టరు 0.1182 గ్రాములు, వడపోత తరువాత 0.1437 గ్రాములు అనుకోండి. తేడా 25.5 మిల్లీగ్రాములు, వడపోసిన నీరు 300 మిల్లీలీటర్లయితే లీటరుకు 85 మిల్లీగ్రాములు. తేట నీటికి 100 మిల్లీలీటర్లతో సరిపెడితే తేడా రెండు మూడు మిల్లీగ్రాములకు దిగి, ఫిల్టరు అంచు నుంచి ఒక పీచు రాలినా లెక్క మారిపోతుంది. అలాంటి నీరు లీటరు దాకా వడపోయండి. ఉప్పుటేరు నమూనాలను చివర్లో మూడుసార్లు స్వేదనజలంతో కడగకపోతే మీరు తూచేది ఉప్పును. మనదేశపు ప్రమాణంలో ఈ పరీక్ష ఐఎస్ 3025లోని 17వ భాగంలో ఉంది, నివేదికలో ఆ సంఖ్య రాయండి. అదే ఫిల్టరును 550 డిగ్రీల దగ్గర కాల్చి మళ్ళీ తూస్తే పోయిన బరువు జీవపదార్థమని చెబుతారు. బంకమట్టిలో ఇమిడి ఉన్న నీరు కూడా ఆ వేడికి కొంత పోతుంది కనుక, డెల్టా మట్టి విషయంలో ఆ అంకెను పైహద్దుగా మాత్రమే తీసుకోండి.

ఇంతవరకూ చెప్పినదంతా పరికరాల సంగతి. కొల్లేటి విషయంలో వాటికంటే పెద్ద తేడా తెచ్చేది మీరు ఎక్కడ, ఏ వేళ, ఏ పడవ మీద నుంచి నీరు ముంచారన్నది. నా మొదటి ఏడాది సంగతి చెబుతాను. లంక గ్రామం దగ్గర మోకాలి లోతు నీటిలో తాటిదోనె మీద వెళ్ళి వారానికొక నమూనా తీసేవాణ్ణి. ఎప్పుడు చూసినా అక్కడి నీరు మిగతా చోట్ల కంటే రెండు మూడు రెట్లు చిక్కగా ఉండేది. దానికి చేపల చెరువుల మురుగే కారణమని పేజీలు పేజీలు రాసుకున్నాను. ఒకరోజు దోనె నడిపే పెద్దాయన నేను సీసా ముంచుతుండగా గడ పైకి తీసి పట్టుకుని, ‘అదంతా మన గడ లేపిన బురదేనండి, కాసేపు ఆగి ముందువైపు ముంచండి’ అన్నాడు. తలెత్తి చూస్తే మేము వచ్చిన దారంతా అడుగడుక్కీ ఒక్కో గోధుమరంగు మబ్బు నీటిలో విచ్చుకుంటూ కనిపించింది, చివరిది సరిగ్గా నా సీసా కింద ఉంది. ఆ ఏడాది లెక్కలు పారేయవలసి వచ్చింది. ఆనాటి నుంచి చోటుకు యాభై గజాల దూరంలోనే గడ ఎత్తించి, గాలికి ఎదురుగా మిగిలిన ఊపుతో దోనెను జారనిచ్చి, ముందుకొన నుంచి చేయి చాచి, నీటిమట్టానికి ఒక జానెడు కింద సీసా తెరుస్తాను. ఇంజను పడవైతే ఇంకా ఎక్కువ దూరంలోనే ఆపాలి.

ఆ తరువాత గాలి. అల తన పొడవులో సగం లోతు దాకా నీటిని కదిలిస్తుంది. 3 మీటర్ల పొడవున్న చిన్న అల కూడా మీటరున్నర లోతుదాకా అడుగును తాకగలదంటే, కొల్లేటిలో చాలా భాగం దాని చేతికి అందినట్లే. పొద్దున అద్దంలా ఉన్న నీరు సాయంత్రం పైరగాలి తిరిగిన గంటలో ఎర్రబారడం మీరూ చూసే ఉంటారు. ఆ మట్టి ఏ ఏరూ కొత్తగా తెచ్చింది కాదు, అడుగున ఉన్నదే పైకి లేచింది. అల ఎంత పెద్దదవుతుందన్నది గాలికి ఎదురులేకుండా ఎంత మేర నీరు దొరికిందన్న దాని మీద ఆధారపడుతుంది. చెరువు గట్లున్న చోట ఆ మేర తెగిపోతుంది, 2006లో ప్రభుత్వం చేపల చెరువుల గట్లు కొట్టేశాక తిరిగి విప్పారిన చోట అది పెరుగుతుంది. పక్కపక్కనే ఉన్న రెండు నమూనా స్థానాలు ఒకే రోజు వేర్వేరు అంకెలివ్వడానికి ఈ ఒక్క కారణం చాలు. కనుక ప్రతి నమూనాతోపాటు గంట, గాలి దిక్కు, గాలి వేగం, నీటి లోతు, చుట్టూ గుర్రపుడెక్క ఉందా లేదా అన్నవి రాయండి. నెలకొకసారి వెళ్ళినా కనీసం రెండు మూడు రోజులు తెల్లవారుజాము నుంచి చీకటి పడేదాకా ఒకేచోట గంటకొక కొలత తీయండి. ఆ రోజులు మీకు నేర్పేది మిగతా ఏడాదంతా నేర్పదు.

ఏటి ముఖాల దగ్గర మాత్రం నెలవారీ పద్ధతి పూర్తిగా మోసం చేస్తుంది. ఒక ఊహాలెక్క చూడండి. మామూలు రోజున సెకనుకు 20 ఘనపు మీటర్ల నీరు, లీటరుకు 50 మిల్లీగ్రాముల మట్టి అనుకుంటే సెకనుకు 1 కిలో మట్టి లోపలికి వస్తుంది. వరద రోజున 300 ఘనపు మీటర్లు, 600 మిల్లీగ్రాములు అయితే సెకనుకు 180 కిలోలు. ఆ ఒక్కరోజు ఆరు నెలలతో సమానం. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు నీరు చివరికి చేరేది ఈ పల్లంలోకే. అలాంటి వారంలో మీరు ఇంట్లో కూర్చుని, నీరు తీశాక నెలవారీ నమూనాకు వెళ్తే, సరస్సులోకి వచ్చిన మట్టిలో అత్యధిక భాగం మీ పట్టికలో కనిపించదు. బుడమేరు, తమ్మిలేరు వంతెనల మీద నుంచి వరద రోజుల్లో బకెట్టు దింపడానికి ముందే మనుషుల్ని మాట్లాడుకుని ఉంచుకోండి. ప్రవాహంలోకి దిగే సాహసం ఎవరూ చేయకూడదు.

ఇక గుణకం. మొత్తం కొల్లేటికి పనికొచ్చే ఒకే గుణకం లేదు. ఏటి ముఖాలకు ఒకటి, సరస్సు నడుమకు ఒకటి, ఉప్పుటేరు వైపుకు మరొకటి వేర్వేరుగా కట్టుకోవాలి. ఒక్కోదానికి కనీసం ముప్పై జతలు, అంటే ఒకే సీసాలో నుంచి తీసిన ఎన్‌టీయూ, మిల్లీగ్రాముల జతలు, తేట రోజుల నుంచి వరద రోజుల దాకా అన్ని స్థాయిల్లోనూ ఉండాలి. రెండింటి లాగరిథమ్‌లు తీసి గీత గీస్తే బిందువులు సాధారణంగా చక్కగా కుదురుతాయి. మళ్ళీ మిల్లీగ్రాముల్లోకి తిప్పేటప్పుడు సగటు కిందికి జారుతుందన్నది మరవకండి. దాన్ని సరిదిద్దడానికి గణాంక శాస్త్రంలో దువాన్ 1983లో చెప్పిన సవరణ సులువైనది, స్ప్రెడ్‌షీట్‌లో ఒక్క వరుస చాలు. మీ బిందువుల్లో అత్యధికం 200 ఎన్‌టీయూ అయితే, ఆ గీతను పట్టుకుని 800 ఎన్‌టీయూకు మట్టి చెప్పకండి.

ఉపగ్రహాల విషయంలో మీ ఆశ కొంతవరకు న్యాయమే. ఐరోపా ఉపగ్రహాలైన సెంటినెల్-2 చిత్రాలు ఉచితం, ఎరుపు పట్టీలో 10 మీటర్ల వివరం ఉంటుంది, దాదాపు 5 రోజులకొకసారి అదే చోటు మీదుగా పోతుంది. కలక పెరిగితే ఎరుపు ప్రతిఫలనం పెరుగుతుంది, మరీ చిక్కనైతే ఎరుపు ఇక పెరగక ఆగిపోతుంది, అప్పుడు సమీప పరారుణ పట్టీని ఆశ్రయించాలి. అదే పరారుణంలో గుర్రపుడెక్క కూడా ధగధగా మెరుస్తుంది కనుక ముందు చిత్రంలో మొక్కలున్న గడులను (పిక్సెళ్ళను) తీసివేయకపోతే తేలే ఆకుల్ని బురదగా లెక్కపెడతారు. చెరువు గట్టు, చెరువు నీరు, సరస్సు నీరు ఒకే గడిలో కలిసిన అంచులనూ వదిలేయండి. వరదలు వచ్చే నెలల్లోనే మబ్బులు ఉంటాయన్నది అందరికీ తెలిసిన ఇబ్బంది. అంతగా ఎవరూ పట్టించుకోనిది, ఈ ఉపగ్రహాలు వచ్చేది ఉదయం పదిన్నర ప్రాంతంలో అన్నది. పైరగాలి ఇంకా తిరగని వేళ అది. ఏడాది పొడుగునా ఎన్ని చిత్రాలు పోగు చేసినా అవన్నీ సరస్సు నిదానంగా ఉన్న వేళవే. అందుకని ఉపగ్రహం దాటే రోజున అదే గంటలో పడవ మీద ఉండి తీసిన నమూనాలతో ఆ చిత్రాలను సరిచూడండి, సాయంత్రపు సంగతి మాత్రం పడవ మీదే తేల్చుకోండి.

చివరగా రెండు చిన్న పనులు. కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం కనుక అటవీశాఖ అనుమతి కాగితం చేతిలో ఉంచుకుని వెళ్ళండి. రెండోది, తూచిన ఫిల్టర్లను పారవేయకుండా తేదీ, స్థానం, ఎన్‌టీయూ రాసి చిన్న గాజు మూతల్లో దాచండి. మీ సెప్టెంబరు బుడమేరు ఫిల్టరు ఇటుక పొడి రంగులోను, జనవరిలో సరస్సు నడిమి ఫిల్టరు పచ్చ కలిసిన బూడిదరంగులోను ఉండి ఉంటాయని నా అంచనా. కాల్చకుండా అవి ఇంకా మిగిలి ఉంటే ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఫొటో తీసి పంపండి, రంగును బట్టి ఏది ఎంత శైవలమో, ఎంత మట్టో కలిసి చూద్దాం.